ఇంటర్ ఫలితాల రోజు ఇంట్లో ఏం మాట్లాడాలి?

ఏప్రిల్ అంటే ఇంటర్ ఫలితాల కాలం. సబ్జెక్టు పోయిన పిల్లలు ఆ రోజు ఎవరి మాటా వినే స్థితిలో ఉండరు. వాళ్ల మాట మనం వినాలి.

1. "ముందు అన్నం తిను, తర్వాత మాట్లాడుకుందాం" అనండి. తిట్లే కాదు, ఓదార్పు కూడా కాసేపు ఆగొచ్చు.

2. "ఏం కాదులే, ఊరుకో" అని మనం ధైర్యం చెప్పామనుకుంటాం. పిల్లలకు అది ఇక మాట్లాడొద్దన్నట్టు వినిపిస్తుంది. "కెమిస్ట్రీ పోయిందని బాధా, నాన్న ఏమంటారోనని భయమా?" అని అడిగి చూడండి. లోపలున్నది బాధో భయమో సిగ్గో నోటితో చెప్పుకోగలిగితే ఉద్వేగం కొంత దిగుతుంది. అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో మెదడు స్కానింగులతో ఇలాంటిదే గమనించింది. ముఖాల్లో కనిపించే భావానికి పేరు చెప్పినప్పుడు, భయానికి స్పందించే అమిగ్డలా అనే మెదడు భాగం జోరు తగ్గింది. ఇంతకీ భయం నాన్న గురించేనని తేలితే, ముందు మాట్లాడాల్సింది పిల్లాడితో కాదు, ఆయనతో.

3. పెద్దమ్మ కొడుకు ర్యాంకు, "మా రోజుల్లో అయితే" కథలు ఆ వారం ఎత్తకండి.

4. చుట్టాల ఫోన్లు మీరే తీయండి. "మార్కుల సంగతి తర్వాత చెప్తాం" అంటే చాలు. పిల్లాడి చేతికి ఫోనిచ్చి "మావయ్యతో మాట్లాడు" అనడం శిక్షే.

5. సలహా చెప్పేముందు "వినమంటావా, ఏం చేద్దామో చెప్పమంటావా?" అని అడగండి.

6. అలాగని తల్లీకూతుళ్లు కూర్చుని "ఆ లెక్చరర్ వల్లే" అని పొద్దుపోయేదాకా తవ్వుకుంటే బాధ తగ్గదు, పెరుగుతుంది. మనసులోది బయటపడ్డాక మాట ముందుకు కదలాలి. ఎన్ని మార్కులు తక్కువయ్యాయి? రీవెరిఫికేషన్‌కు ఎప్పటిలోగా కట్టాలి? సప్లిమెంటరీ వేసవిలోనే ఉంటుంది కాబట్టి ఏడాది పోయినట్టు కాదు.

7. "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాట వస్తే బెదిరింపని కొట్టిపారేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు, మాత్రలు అందకుండా తీసేయండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఫలితాలకు ముందే ఇంట్లో అందరి ఫోన్లలో సేవ్ చేసిపెట్టండి.