తక్కువ ఖర్చుతో పిల్లల చేతిపనులు: వేసవి బైబిలు బడికి ఏర్పాట్లు

బచ్చన్నపేట

సండే స్కూలు బాధ్యత కొత్తగా తీసుకున్న చెల్లెమ్మకు,

వేసవి బైబిలు బడి (వీబీఎస్)‌లో చేతిపని కథ తరువాత వస్తుంది. పాటలు, బైబిలు కథ, కంఠత వాక్యం అయ్యాక పిల్లలు కింద కూర్చుని చేసే అరగంట పని ఇది. అప్పుడే విన్న కథను పిల్లల చేతికిచ్చి ఇంటికి పంపడమే దీని ఉద్దేశం. 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే మహిళ పేదల వాడలోని పిల్లల కోసం అద్దె గదిలో వేసవి బైబిలు బడి నడిపినప్పుడు కూడా కథలతో, పాటలతో పాటు చేతిపనులు ఉన్నాయి. పేద పిల్లల కోసం మొదలైన కార్యక్రమం కాబట్టి తక్కువ ఖర్చు దానికి మొదటి నుంచీ సహజమే.

మంచి చేతిపనిని మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. ఆ వస్తువును చూపిస్తూ పిల్లవాడు కథ చెప్పగలడా? పెద్దల చెయ్యి పడకుండా తానే చేయగలడా? ఇంటికెళ్ళి తమ్ముడికో చెల్లికో అలాంటిదే ఇంకొకటి చేసివ్వగలడా? ఈ మూడోది అన్నిటికన్నా గట్టి పరీక్ష. దుకాణంలో కొన్న మెరుపు కాగితాలు, అంటించే బొమ్మలు అయిపోతే పని ఆగిపోతుంది. ఇంటి చుట్టూ దొరికే వాటితో నేర్చుకున్న పని సెలవులంతా సాగుతుంది. అందుకే వస్తువుల ఎంపిక ఊరి నుంచే మొదలుపెట్టాలి.

ఈ ప్రాంతంలో ఆ పద్ధతి కొత్త కాదు. బచ్చన్నపేటకు దగ్గరలోని చేర్యాల నకాశీ చిత్రకారులు కులపురాణాలను పొడవాటి బట్టపై వరుస బొమ్మలుగా గీస్తారు. ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ కథకులు ఊరూరా కథ చెప్పేవారు. ఆ బట్టకు పూసేవి గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు, బంక. చేర్యాల మాస్కులకు కొబ్బరి చిప్ప, రంపపు పొట్టు, ఆ చింతగింజల జిగురే ఆధారం. క్రైస్తవ సంఘానికీ ఇలాంటి మాదిరి ఒకటి డోర్నకల్‌లో ఉంది. 1912లో బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య అక్కడ కట్టించిన కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ పొందింది. గుమ్మటాలు, మినార్లు, గుడి మంటపాన్ని తలపించే స్తంభాలతో అది ఈ దేశపు రూపంలోనే నిలిచింది. సువార్త కథను ఈ నేల వస్తువులతో, ఈ నేల రూపాలతో చెప్పడం పిల్లల తరగతికీ తగిన పనే.

వస్తువుల సేకరణ సంక్రాంతి నాటికే మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే ఒక్కొక్కటి ఒక్కో కాలంలో దొరుకుతుంది. పత్తి తీతలు అయ్యే రోజుల్లో రెండు గుప్పిళ్ళ పత్తి దాచుకోవాలి. మోదుగ పూలు మాఘ, ఫాల్గుణాల్లో పూస్తాయి; వాటిని నీడన ఎండబెట్టి ఉంచాలి. ఎండాకాలం మొదట్లో ఇళ్ళలో చింతపండు కొడతారు, గింజలు అప్పుడే అడిగి తెచ్చుకోవాలి. యాసంగి మక్క కోతలయ్యాక మక్కకంకుల పొత్తులు, జొన్న సొప్పలోని బెండు దొరుకుతాయి. చెరువు అడుగంటాక మెత్తటి మట్టి వస్తుంది. పెండ్లి పత్రికలు, పాత క్యాలెండర్లు, అట్టపెట్టెలు, ఖాళీ అగ్గిపెట్టెలు ఏడాది పొడవునా వస్తాయి కాబట్టి మందిరంలో వాటికొక పెట్టె ఉంచి, ఆదివారం వచ్చే కుటుంబాలకు చెప్పితే చాలు. పిల్లలను డబ్బు తెమ్మని అడగకూడదు. తేలేని పిల్ల మరునాడు రావడం మానేస్తుంది.

జిగురు కొనవలసిన పని లేదు. ఒక గ్లాసు మైదాను కొద్ది చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మొత్తం నాలుగు గ్లాసుల నీళ్ళు అయ్యేలా పోసి, చిక్కబడేదాకా సన్నని మంట మీద తిప్పితే నలభై మందికి ఒక పూటకు సరిపోతుంది. ఎండకు తొందరగా పులిసిపోతుంది కాబట్టి ఏ రోజుది ఆ రోజే కాచుకోవాలి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు పురుగు పట్టకుండా జిగురులో మైలుతుత్తం వేస్తారు. అది విషం కాబట్టి పిల్లల జిగురులో ఎంతమాత్రం వేయకూడదు. అట్ట, గింజలు, గుడ్డ వంటి బరువైన వాటికి చింతగింజల జిగురు గట్టిగా పనిచేస్తుంది. గింజలను నానబెట్టి, పొట్టు తీసి, మెత్తగా రుబ్బి ఉడికిస్తే అది తయారవుతుంది.

రంగులూ ఇంట్లోవే. పసుపు ఎలాగూ ఉంటుంది. దానికి చిటికెడు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. మోదుగ పూలు మరిగిస్తే నారింజ రంగు, గోడలకు పూసే జాజుతో ఇటుక రంగు, బొగ్గు పొడితో నలుపు వస్తాయి. పొడి రంగుల్లో కొంచెం తుమ్మబంక కలిపితే కాగితానికి పట్టుకుంటాయి. సున్నం కంట్లో పడితే ప్రమాదం కాబట్టి దాన్ని పెద్దవాళ్ళే ముందుగా కలిపి ఉంచాలి.

అయిదు రోజుల కార్యక్రమానికి అయిదు కథలు, అయిదు పనులు చాలు. మొదటి రోజు విత్తువాని ఉపమానం, మత్తయి 13. పెండ్లి పత్రిక అట్టను నాలుగు గళ్ళుగా గీసి, ఒకదానిలో దుమ్ము, ఒకదానిలో చిన్న రాళ్ళు, ఒకదానిలో ఎండు పుల్లలు, చివరిదానిలో నల్లమట్టి అంటించి, ప్రతి గడిలో నాలుగు జొన్నగింజలు పెట్టాలి. వాన మీద ఆధారపడి సేద్యం చేసే ఇళ్ళ పిల్లలకు ఏ నేలలో మొలక నిలుస్తుందో టీచరు చెప్పే పని ఉండదు, వాళ్ళే చెబుతారు.

రెండో రోజు తప్పిపోయిన గొర్రె, లూకా 15. అట్టపై గొర్రె ఆకారం గీసి, పత్తి అంటించి, చీపురు పుల్లలతో కాళ్ళు పెట్టాలి. గొర్రెలు మేపే కుటుంబాల పిల్లలు తరగతిలో ఉంటే, మంద నుంచి ఒకటి తప్పిపోయినప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో ముందుగా వాళ్ళ చేతే చెప్పించాలి.

మూడో రోజు కుమ్మరి ఇల్లు, యిర్మీయా 18. చెరువు మట్టిని దంచి, జల్లించి, ముందురోజు రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి ఉంచాలి. పిల్లలు ఒక గిన్నె చేసి, దాన్ని ముద్దగా నలిపి, మళ్ళీ ఇంకో పాత్ర చేయాలి. చేయి చేసే పనే ఇక్కడ కథ కాబట్టి అన్నిటిలోకి ఇది ఎక్కువ గుర్తుండిపోతుంది. ఖర్చు ఏమీ లేదు. చేసినవి నీడలో ఆరితే పగుళ్ళు తక్కువ.

నాలుగో రోజు జక్కయ్య, లూకా 19. అట్టపై చెట్టు గీసి, ఆకులను రంగులో అద్ది కొమ్మల మీద ముద్ర వేయాలి. చెట్టు పైన ఒక రంధ్రం, మొదట్లో ఒక రంధ్రం పెట్టి, దారాన్ని రెండింటి గుండా పోనిచ్చి వెనుక ముడి వేసి, ముందు వైపు దారానికి కాగితపు జక్కయ్యను అంటించాలి. దారం లాగితే జక్కయ్య చెట్టెక్కుతాడు, మళ్ళీ లాగితే దిగుతాడు.

అయిదో రోజు అయిదు రొట్టెలు, రెండు చేపల కథ, యోహాను 6. ఆ రోజు పని చేర్యాల పద్ధతిలో పటం కట్టడం. అయిదుగురు పిల్లలు ఒక జట్టు. ఒక్కొక్కరు ఒక్కో రోజు కథను ఒక్కో ముక్కపై గీస్తారు. అయిదు ముక్కలను వరుసగా అంటించి, రెండు కొసలకు సొప్ప కర్రలు కడితే చుట్టి విప్పే పటం అవుతుంది.

లెక్క ఇలా వేయాలి. 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు ఉన్న చార్టును అటు నాలుగు, ఇటు నాలుగు భాగాలు చేస్తే 16 ముక్కలు వస్తాయి. నలభై మందికి మూడు చార్టులు చాలు. ఎనిమిది ముక్కలు చెడిపోయిన వాటి కోసం మిగులుతాయి. జట్లు ఎనిమిది, పటాలు ఎనిమిది. కత్తెరలు నలుగురికి ఒకటి చొప్పున పది. అవి మొండి కొసవి అయితే ఏళ్ళ తరబడి పనికొస్తాయి. రోజుకు ఒక్కొక్కరికి మూడు రూపాయలు దాటకూడదని సంఘం నిర్ణయిస్తే అయిదు రోజులకు 600 రూపాయలు. చార్టులు, రంగు పెన్సిళ్ళు, మైదా, దారం ఆ మొత్తంలోనే చూసుకోవాలి. పక్క ఊళ్ళ సంఘాలతో కలిసి జనగామలో టోకున కొంటే ఇంకా కలిసివస్తుంది. వచ్చే పిల్లల సంఖ్యకు పదిమందిని కలుపుకునే లెక్క వేయాలి. అమ్మానాన్నలు పొద్దున్నే ఉపాధి పనికి వెళ్ళే రోజులు కాబట్టి పెద్దపిల్లలు చిన్నవాళ్ళను చంకనేసుకుని వస్తారు.

భద్రత విషయంలో సడలింపు ఉండకూడదు. గురివింద గింజలు ఎంత అందంగా ఉన్నా విషం. చేలల్లో దొరికే ఆముదం గింజలూ అంతే. విత్తనాల ప్యాకెట్లలోని రంగు వేసిన గింజలకు మందు పట్టించి ఉంటుంది. పురుగుమందు డబ్బాలు, సీసాలు ఎంత కడిగినా తరగతిలోకి రాకూడదు. అయిదేళ్ళలోపు పిల్లలకు గింజలు ఇవ్వకుండా పత్తి, మట్టి, ఆకు ముద్రలు మాత్రమే ఇవ్వాలి. అలంకరణకు థర్మోకోల్ వాడకం 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. అట్టపెట్టె ఆ పనికి సరిపోతుంది.

ప్రతి పనినీ టీచరు ముందురోజు ఒకసారి చేసి, పట్టే సమయం చూసుకోవాలి. పెద్దవాళ్ళకు పది నిమిషాలు పట్టేది పిల్లలకు అరగంట పడుతుంది. ఎండ ముదరకముందే, పదిన్నర లోపు తరగతి ముగియాలి. నమూనా ఒకటి చూపించి పక్కన పెట్టేయాలి. ఎదురుగా ఉంచితే పిల్లలు తమది దానితో పోల్చుకుని చిన్నబోతారు. వంకరగా వచ్చిన గొర్రెను టీచరు సరిచేయకూడదు. ఆ గొర్రె కథ ఏమిటని అడగాలి. ప్రతి వస్తువు వెనుక పిల్ల పేరు, కథ దొరికే అధ్యాయం రాయించాలి.

ముగింపు రోజున బహుమతుల పంపకం కంటే పటం చెప్పడానికి ఎక్కువ సమయం ఇవ్వాలి. ఒక్కో జట్టు ముందుకు వచ్చి పటాన్ని విప్పుతూ, ఎవరు గీసిన బొమ్మకు వాళ్ళే కథ చెబితే, పెద్దలకు వారమంతా జరిగిన పాఠం అర్థమవుతుంది. జట్టుకు ఒకటే పటం కాబట్టి వారానికొకరి ఇంట్లో ఉండేలా వరుస పెట్టాలి. మిగిలిన అట్టలు, గింజలు, కత్తెరలు లెక్క రాసి పెట్టెలో దాచితే వచ్చే ఏడాది ఖర్చు ఇంకా తగ్గుతుంది.

ప్రభువునందు,
పెద్దక్క