పెద్దపేగు వాపు – కాపలా జన్యువు

మలంలో రక్తం పడితే మొలలేనని సరిపెట్టుకుని ఆలస్యంగా వచ్చేవారిని బొల్లారంలో మేము చూస్తూనే ఉన్నాము. అది అల్సరేటివ్ కొలైటిస్ అనే పెద్దపేగు వాపు కూడా కావచ్చును.

మన కణాల్లో పి53 అనే కాపలా జన్యువు ఉన్నది. దాని ప్రోటీన్‌ను 1979లో కనుగొన్నారు. దెబ్బతిన్న కణాన్ని పెరగకుండా ఆపటమే కాక, వాపును రెచ్చగొట్టే సంకేతాలను కూడా ఇది అణచి ఉంచుతుంది. వాపు ఏళ్ల తరబడి ఉంటే ఈ జన్యువే చెడిపోవచ్చును. అప్పుడు వాపు ముదిరి, చెడిన కణాలు పెరుగుతాయి. మామూలు పెద్దపేగు క్యాన్సర్‌లో తరచు ఏపీసీ జన్యువు ముందు, పి53 చివర్లో చెడతాయి. కొలైటిస్ ఉన్నవారిలో గడ్డ కనబడకముందే పి53 చెడవచ్చును.

“బాగానే ఉన్నాను కదా సిస్టర్” అని మాత్రలు మానేసేవారితోనే మాకు గొడవ! జబ్బు మొదలై 8 ఏళ్లయితే, బాధ లేకున్నా, డాక్టరుగారు చెప్పిన ప్రకారం కొలనోస్కోపీ చేయించుకోండి. మామూలుగా కనిపించే చోట్ల నుండి కూడా చిన్న ముక్కలు తీస్తారు. తీసేటప్పుడు నొప్పి తెలియదు.