చంటిబిడ్డ ఉన్న ఇంట్లో పెద్దపిల్లల చదువు



కాన్పు అయి ఇంటికి వెళ్లేటప్పుడు తల్లులు అడిగే ప్రశ్నలు ఎక్కువగా పసిబిడ్డ గురించే ఉంటాయి. పాలు చాలుతున్నాయా, బొడ్డు ఎప్పుడు రాలుతుంది, ఉగ్గు పట్టవచ్చా అని అడుగుతారు. రెండో కాన్పో, మూడో కాన్పో అయితే ఇంకో ప్రశ్న కూడా వస్తుంది: "ఇంట్లో పెద్దపిల్లలున్నారు, వాళ్ల చదువు ఎట్లా?"

మన నగరంలో కొందరు తల్లిదండ్రులు పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పి, తర్వాత ఓపెన్ స్కూలు ద్వారా పరీక్షలు రాయిస్తున్నారు. మిగిలిన ఇళ్లలో కూడా సాయంత్రం హోంవర్కు, సెలవుల్లో చదువు చాలావరకు తల్లి చేతి మీదే నడుస్తాయి. కాబట్టి ఈ పాఠం ఇద్దరికీ పనికివస్తుంది. దీనిలో ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఒక్కటే. బిడ్డ వచ్చాక పాత టైంటేబులును పట్టుకుని వేలాడకూడదు, అలాగని చదువును పూర్తిగా వదిలేయకూడదు. తల్లి ఆరోగ్యాన్నీ, బిడ్డ పాల వేళలనూ ముందు పెట్టి, వాటి చుట్టూ చదువును అమర్చుకోవాలి.

1. ముందు తల్లి కోలుకోవాలి

కాన్పు తర్వాత శరీరం తేరుకోవడానికి కనీసం 6 వారాలు పడుతుంది. పెద్దాపరేషన్ అయినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. బిడ్డకంటే బరువైనదేదీ ఈ రోజుల్లో ఎత్తకూడదు. మూడేళ్ల పిల్లవాడిని చంకనెత్తుకుని, ఇంకొకరికి లెక్కలు చెప్పడం ఈ సమయంలో తగదు.

పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలి. పథ్యం పేరుతో పప్పు, ఆకుకూరలు, గుడ్డు, పండ్లు మాన్పించడం, దాహమైనా నీళ్లు తగ్గించడం మంచిది కాదు. కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు, వాటితోపాటు కాల్షియం మాత్రలు వేసుకోవాలి. ఈ రెండింటినీ ఒకేసారి కాకుండా వేర్వేరు పూటల్లో వేసుకోవాలి. బాలింత పిల్లల మీద ఊరికే విసుక్కుంటుంటే చాలాసార్లు దానికి కారణం పిల్లల అల్లరి కాదు, నిద్రలేమి, రక్తహీనత.

అందుచేత మొదటి 6 వారాలు ఇలా పెట్టుకోండి. మొదటి 2 వారాలు కొత్త పాఠాలేవీ వద్దు. కథల పుస్తకాలు, ఎక్కాలు, పాత పాఠాలు చదువుకోవడం చాలు. మూడో వారం నుంచి తెలుగు లేదా ఇంగ్లీషు, లెక్కలు మాత్రమే. 6 వారాలు దాటాక సైన్సు, సోషల్ వంటివి వారానికి ఒకటి చొప్పున కలపండి. ఆరు వారాలు నెమ్మదిగా నడిచినంత మాత్రాన పిల్లవాడు వెనుకబడిపోడు.

2. గడియారం కాదు, పాల వేళలు

అప్పుడే పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. ఒక్కోసారికి 25 నిమిషాలు పట్టిందనుకుంటే, 10 సార్లకు 250 నిమిషాలు, అంటే 4 గంటల పైమాటే. మొదటి మూడు నెలల్లో బిడ్డ రోజుకు 14 నుంచి 17 గంటలు నిద్రపోతుంది గాని, ఆ నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంటుంది. కాబట్టి "పది గంటలకు లెక్కలు, పదకొండుకు సైన్సు" అని గోడకు అంటించిన కాగితం రెండో రోజుకే పనికిరాకుండా పోతుంది.

దీనికి బదులు వరుస పెట్టుకోండి. "పొద్దున టిఫిను అయ్యాక తెలుగు, బిడ్డ మొదటి నిద్రలో లెక్కలు, మధ్యాహ్నం భోజనం అయ్యాక బొమ్మలు" అన్నట్టుగా. సమయం అటూ ఇటూ జరిగినా వరుస చెడదు. పిల్లలకు కూడా తర్వాత ఏమిటో తెలుస్తుంది.

పనులను మూడు రకాలుగా విడదీసుకుంటే సులువు.

పాలిచ్చేటప్పుడు: తల్లి చేతులు ఖాళీ ఉండవు గాని నోరు, చెవులు ఖాళీయే. పెద్దవాడు పాఠం బయటికి చదివితే వినవచ్చు. ఎక్కాలు ఒప్పజెప్పించుకోవచ్చు. డిక్టేషన్ చెప్పవచ్చు. నోటి లెక్కలు అడగవచ్చు.

బిడ్డ నిద్రపోయినప్పుడు: తల్లి కళ్లు, చేతులు కావలసిన పని, అంటే కొత్త లెక్క నేర్పడం, రాసినది దిద్దడం. కాని పగటి నిద్రల్లో ఒకటి తప్పనిసరిగా తల్లి కూడా నిద్రపోవడానికే. ఆ వేళను చదువుకు గాని వంటకు గాని వాడవద్దు.

బిడ్డ ఏడ్చేటప్పుడు: ఎవరి సాయం లేకుండా పిల్లలు చేసుకునే పని. చూచిరాత, వచ్చిన లెక్కలు, బొమ్మలకు రంగులు. వీటిని ముందురోజు రాత్రే తీసి ఒక సంచిలో పెట్టి ఉంచండి.

3. ఒక ఇంటి నమూనా

పదకొండేళ్ల అమ్మాయి, ఎనిమిదేళ్ల అబ్బాయి, మూడేళ్ల పాప, నెలన్నర బిడ్డ ఉన్న ఇల్లు ఒకటి ఊహించుకుందాం. మైత్రీవనం వెనుక సందుల్లో రెండు గదుల పోర్షను. పక్కన హాస్టలు, కింద టిఫిన్ సెంటరు, రోడ్డు మీద హారన్లు. ప్రశాంతమైన చదువు గది దొరకదు. ఉన్న దానిలోనే ఇలా చేయవచ్చు.

పొద్దున: తండ్రి పనికి వెళ్లేలోపు 30 నిమిషాలు పెద్దపిల్లలిద్దరికీ కొత్త లెక్కలు చెబుతాడు. వీధి సద్దు కూడా అప్పుడు తక్కువ.

ఆ తర్వాతి పాల వేళ: అబ్బాయి తెలుగు వాచకం బయటికి చదువుతాడు. పాప పక్కన కూర్చుని వింటుంది.

బిడ్డ మొదటి నిద్ర: అమ్మాయికి 30 నిమిషాలు, అబ్బాయికి 20 నిమిషాలు విడివిడిగా తల్లి సమయం. ఒకరితో ఉన్నప్పుడు రెండోవారు సంచిలోని పని చేసుకుంటారు.

మధ్యాహ్నం: అందరికీ విశ్రాంతి గంట. పెద్దవాళ్లు కథల పుస్తకాలు పట్టుకుంటారు. తల్లి పడుకుంటుంది.

సాయంత్రం: గంటసేపు ఆట, బయటి గాలి. తర్వాత అమ్మమ్మో నాన్నో రేపటి సంచి సర్దుతారు.

ఎనిమిదేళ్ల వయసులో ఇంట్లో శ్రద్ధగా సాగిన గంటన్నర చదువు తక్కువేమీ కాదు. నలభై మంది ఉన్న తరగతిలో ఒక్కో పిల్లవాడికి టీచరు విడిగా ఇవ్వగల నిమిషాలు ఎన్నో ఆలోచించండి.

మూడేళ్ల పాపకు పాఠాలు అక్కర్లేదు. గిన్నెలు, మూతలు, చిక్కుడుకాయలు ముందు పెడితే అదే చదువు. ఊరుకోబెట్టడానికి ఫోను చేతికివ్వడం మాత్రం అలవాటు చేయవద్దు. 2 నుంచి 4 ఏళ్ల పిల్లలు రోజుకు గంటకు మించి తెర చూడకూడదనీ, రెండేళ్ల లోపు పిల్లలకు అసలే వద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

4. బిడ్డే ఒక పాఠం

చంటిబిడ్డ వల్ల చదువు ఆగిపోతుందనుకుంటాం గాని, ఎన్నో పాఠాలు ఆ బిడ్డ దగ్గరే ఉన్నాయి. పుట్టిన మొదటి వారంలో బిడ్డ కాస్త బరువు తగ్గి, సుమారు రెండు వారాలకు పుట్టినప్పటి బరువుకు చేరుకుంటుంది. ఆ తర్వాత రోజుకు దాదాపు 25 నుంచి 30 గ్రాములు పెరుగుతుంది. టీకాలకు వచ్చినప్పుడు తూచిన బరువును పెద్దమ్మాయి గ్రాఫు కాగితం మీద గుర్తించవచ్చు. టీకాలు 6, 10, 14 వారాలకు వేయించాలి. పుట్టిన తేదీ నుంచి లెక్కించి ఆ తేదీలను కేలండరులో రాసే పని అబ్బాయికి ఇవ్వండి. టీకా రోజున, ఆ మర్నాడు బిడ్డకు జ్వరం, చికాకు ఉండవచ్చు. ఆ రెండు రోజులూ చదువు తగ్గించి పెట్టుకోండి.

5. పెద్దమ్మాయిని రెండో తల్లిని చేయవద్దు

ఇది ఈ పాఠంలో అన్నిటికంటే బరువైన మాట. బిడ్డను ఊపడం, గుడ్డలు ఉతకడం, తమ్ముడికి అన్నం పెట్టడం, ఇలా ఒక్కొక్కటే పెద్దమ్మాయి మీద పడుతుంది. "మా అమ్మాయి చాలా బుద్ధిమంతురాలు, అన్నీ తనే చూసుకుంటుంది" అని మనం మెచ్చుకుంటాం. ఆ మెప్పు కోసం ఆ పిల్ల నోరు తెరవదు. కొన్నాళ్లకు లెక్కల్లో వెనుకబడుతుంది, ఆట మానేస్తుంది.

సాయం చేయడం పిల్లలందరూ నేర్చుకోవలసిందే. అయితే దానికి హద్దు ఉండాలి. పెద్దమ్మాయి చదువు వేళలో ఎవరూ బిడ్డను ఆమె ఒడిలో పెట్టకూడదని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. ఎనిమిదేళ్ల మగపిల్లవాడు కూడా గుడ్డలు మడతపెట్టగలడు, నీళ్ల సీసాలు నింపగలడు. పనిని ఇద్దరికీ పంచండి.

6. సాయం అడగడం సిగ్గు కాదు

కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆచారం. పెద్దపిల్లల చదువు ఉన్నప్పుడు తల్లి ఊరికి వెళ్లలేక, అమ్మమ్మే హైదరాబాదుకు వస్తుంది. ఆమెను వంటింటికే పరిమితం చేయకండి. ఆమె చెప్పే కథలు, పొడుపు కథలు తెలుగు పాఠం కంటే తక్కువవి కావు. తోడు ఎవరూ లేనివారు మొదటి వారాల్లో కూర ఒకటి కర్రీ పాయింటు నుంచి తెచ్చుకున్నా తప్పు లేదు. పప్పు, ఆకుకూర మాత్రం ఇంట్లో వండుకోండి.

సంఘ కుటుంబాలకు మా మనవి. బాలింతను చూడడానికి వెళ్లేటప్పుడు పండ్లతోపాటు ఒక గంట సమయం కూడా తీసుకువెళ్లండి. ఆమె పడుకుంటే, ఆ గంట మీరు పెద్దపిల్లలతో పుస్తకం చదివించండి. జలుబు, దగ్గు ఉన్నవారు మాత్రం తగ్గేదాకా ఆగండి.

ఉద్యోగం చేసే తల్లులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చట్టం ప్రకారం జీతంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలు. అయితే అప్పటికే ఇద్దరు లేక అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్నవారికి అది 12 వారాలే. మూడో కాన్పు అయినవారు ఆ లెక్క ముందే వేసుకోవాలి.

7. పరీక్షలు ఉన్న పిల్లలు

బడికి వెళ్లే పిల్లలైతే, కాన్పుకు ముందే క్లాసు టీచరుకు ఒక మాట చెప్పి ఉంచండి. ఇంటి వద్ద చదివి జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాసేవారికి 14 ఏళ్లు నిండాలి. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు జరుగుతాయి, ఏప్రిల్-మేలలో, అక్టోబరు-నవంబరుల్లో. ఒకసారి చేరితే 5 సంవత్సరాల లోపు సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేయవచ్చు. కాన్పు మార్చిలో ఉంటే ఏప్రిల్‌లో రెండు సబ్జెక్టులే రాయించి, మిగిలినవి అక్టోబరుకు ఉంచవచ్చు.

8. పుస్తకాలు మూసి ఆసుపత్రికి రావలసినప్పుడు

తల్లికి: ఎక్కువ రక్తస్రావం, జ్వరం, దుర్వాసనతో మైల, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, ఆయాసం.

బిడ్డకు: పాలు తాగకపోవడం, మూర్ఛ, వేగంగా ఊపిరి పీల్చడం, డొక్కలు ఎగరేయడం, జ్వరం లేదా ఒళ్లు చల్లబడడం, అరిచేతులు, అరికాళ్లు పచ్చబడడం.

వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయవద్దు. 108కి ఫోను చేయండి.

ఇంకొకటి పైకి కనిపించదు. రెండు వారాలు దాటినా ఏడుపు, దిగులు తగ్గకపోవడం, బిడ్డ మీద గాని పెద్దపిల్లల మీద గాని ప్రేమ కలగకపోవడం, చావు తలపులు రావడం. ఇది జబ్బు, తల్లి తప్పు కాదు. దీనికి వైద్యం ఉంది. 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. తనకో, బిడ్డకో హాని చేయాలనిపిస్తే ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో పగలు అమ్మ పడుకునే వేళ ఏది? అప్పుడు బిడ్డను ఎవరు చూస్తారు?

2. పాలిచ్చే వేళల్లో చేయగలిగిన చదువు పనులు మూడు చెప్పండి.

3. పెద్దమ్మాయి ఈ వారం ఎన్ని గంటలు చదువుకుంది, ఎన్ని గంటలు బిడ్డను ఎత్తుకుంది? ఆమెనే అడిగి రాయండి.

4. నాన్న తీసుకోగల పాఠం ఏది?

ఈ నాలుగింటికీ జవాబులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. బిడ్డ పెరిగేకొద్దీ నిద్రలు, పాల వేళలు మారుతుంటాయి కనుక, టీకాలకు వచ్చే ప్రతిసారీ ఆ కాగితాన్ని మార్చి రాసుకోండి.