మామిడిచెట్ల బదనికయు, దానిని నాటు చిన్నపిట్టయు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల మామిడితోటలుగల రైతులు ఏటేట తమ చెట్ల కొమ్మలను పరీక్షించుట మంచిది. మామిడాకు కాని దళసరి ఆకులును, నారింజరంగు గొట్టపుపూలును గల గుబురు కొమ్మపై కనబడినచో అది బదనిక. దానికి నేలలో వేరు లేదు. కొమ్మ బెరడును చొచ్చి, చెట్టు తెచ్చుకొన్న నీటిని, లవణములను పీల్చును. కొంతకాలమునకు అది పట్టిన చోటికి పైనున్న కొమ్మ సన్నగిలి ఎండును. కాపు తగ్గెనని రైతు పాదులో ఎరువు వేయును. అందులో బదనికకును పాలు పోవును!

ఇది చెట్టునుండి చెట్టునకు గాలివలన పోవునది కాదు. నల్లమల యడవులందును మన తోటలందును తిరుగు నొక చిన్నపిట్ట దీనిని నాటుచున్నది. దాని పొడవు సుమారు 8 సెంటీమీటర్లు. వీపు మట్టిరంగు, పొట్ట తెలుపు, ముక్కు పొట్టిగా లేతగులాబిరంగుగా నుండును. తేనెపిట్టయని పొరబడవచ్చును గాని, తేనెపిట్ట ముక్కు నల్లగా, పొడవుగా వంగియుండును. ఈ పిట్ట బదనికపండును మ్రింగిన కొన్ని నిమిషములకే విత్తు జిగురుతో వెలికివచ్చును. జిగురు వదలక పిట్ట తన వెనుకభాగమును కొమ్మకు రాయును. విత్తు అచ్చటనే అంటుకొని మొలచును. పూమొగ్గలను ముక్కుతో నొక్కి విప్పి పుప్పొడి చేరవేయునదియు ఇట్టి పిట్టలే. కొంకణమున ఈ సంగతిని పరిశీలించి సలీం ఆలీగారు 1931లో ప్రకటించిరి.

అట్లని పిట్టను చంపరాదు. అది పురుగులను, సాలీళ్లనుగూడ తినును; చంపుట చట్టరీత్యా నేరము. అదియునుగాక అహోబిలము, మహానంది దాపున అడవి యున్నంతకాలము ఒకటి పోయిన మరియొకటి వచ్చును. తొలగింపవలసినది పండు.

పండ్లు పండకముందే, బదనిక పట్టిన చోటికి అడుగు దిగువగా కొమ్మను కోయవలయును. ఆకులు మాత్రము దూసిన మరల చిగుర్చును. కోయరాని పెద్దకొమ్మయైనచో గుబురును, బెరడుపై ప్రాకిన వేళ్లను చెక్కివేసి మరుసటియేడు మరల చూడవలయును. గట్టుమీది వేపచెట్టును మరువరాదు. పలువురు తోటను శుభ్రపరచి దానిని విడిచెదరు. పొరుగురైతుతో కలిసి ఒకే వారమున కోయించుట మేలు. పండ్లులేని ఆకును మేకలకు వేయవచ్చును. పండ్లున్న గుబురులను తోటలో పడవేయక కాల్చివేయవలయును.