మా వాడు సరిగ్గానే ఎదుగుతున్నాడా, డాక్టర్?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ తగిలింది: ‘పక్కింటి పిల్లాడు’. వాడెంత తింటాడో, ఎంత పొడవున్నాడో అందరికీ తెలుసు. తమాషా ఏమిటంటే, ఆ పక్కింటి పిల్లాడి తల్లి కూడా నాకు ఉత్తరం రాస్తుంది. అందులో ఇంకో పక్కింటి పిల్లాడు ఉంటాడు.

*మా బాబుకు రెండేళ్లు. బరువు 11 కిలోలు. రోజంతా కలిపి నాలుగు ముద్దలు తింటే గొప్ప. ఫోన్‌లో పాటలు పెట్టి నోట్లో కుక్కుతున్నాను. పాలు మాత్రం నాలుగైదు సీసాలు తాగుతాడు. పక్కింటి బాబు ఇదే వయసుకు 14 కిలోలున్నాడు. మా వాడికి ఏదైనా లోపమా?*
– ఒక తల్లి, కోదాడ

కంగారు పడకండమ్మా, రెండేళ్లకు 11 కిలోలు మామూలు బరువే. పుట్టినప్పటి బరువు మొదటి ఏడాదిలోనే మూడింతలవుతుంది, ఆ తర్వాత ఏడాదికి రెండు, రెండున్నర కిలోలే పెరుగుతారు, అందుకే ఆకలీ తగ్గుతుంది. మీ వాడి పొట్ట పాలతో నిండిపోతోంది. రోజుకు అరలీటరు దాటనివ్వకండి, పాలు మరీ ఎక్కువైతే అన్నానికి చోటుండదు, ఒంట్లో ఇనుమూ తగ్గుతుంది. ఫోన్ పక్కన పెట్టి, మీ కంచం పక్కనే వాడి కంచం పెట్టండి. అరగంటలో ఎంత తింటే అంత తిననిచ్చి తీసేయండి. నెలల తరబడి బరువు కదలకపోయినా, తగ్గినా, తరచూ విరేచనాలవుతున్నా అప్పుడు డాక్టర్‌కు చూపించండి.

*మా పాప డాలస్‌లో పుట్టింది. ఇప్పుడు నాలుగేళ్లు. ఇక్కడి డాక్టర్ ‘ఎనిమిదో పర్సెంటైల్‌లో ఉంది, బాగుంది’ అంటున్నారు. నూటికి ఎనిమిది వస్తే బాగుండటమేమిటి? ఊళ్లో అమ్మకు చెబితే ఏడుస్తోంది.*
– ఒక తండ్రి, టెక్సస్

పర్సెంటైల్ అనగానే మనకు ఎంట్రన్స్ ర్యాంకులు గుర్తొస్తాయి, అక్కడే వస్తుంది చిక్కు. ఇవి మార్కులు కావండీ. అదే వయసు ఆడపిల్లలు వందమందిని ఎత్తు ప్రకారం వరుసగా నిలబెడితే మీ పాప పొట్టివాళ్ల వైపు నుంచి ఎనిమిదో చోట ఉందని మాత్రమే అర్థం, ఆ చోట ఎవరో ఒకరు ఉండాలి కదా! మీరూ మీ ఆవిడా మరీ పొడగరులు కాకపోతే అది ఆమెకు సహజమైన చోటే. డాక్టర్ చూసేది ఆ అంకెను కాదు, గీతను: నిరుడూ ఎనిమిదీ పది మధ్యే ఉండి, ఇప్పుడూ అక్కడే ఉంటే నిశ్చింతగా ఉండండి. యాభైలో నడిచిన పిల్ల పదికి జారితే మాత్రం కారణం వెతకాలి. నాలుగేళ్లు దాటాక ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతుంటే చాలని అమ్మగారికి నా మాటగా చెప్పండి.

*మా అబ్బాయికి పదకొండేళ్లు. 52 కిలోలు. మెడ వెనక నల్లగా, మందంగా పట్టేసింది. ఆరు నెలలుగా సున్నిపిండి పెట్టి రుద్దుతున్నాను, నిమ్మచెక్కతో తోముతున్నాను. పోవడం లేదు సరికదా మంట పుడుతోందని వాడు ఏడుస్తున్నాడు. బడిలో ‘మురికి మెడ’ అంటున్నారట.*
– ఒక తల్లి, కూకట్‌పల్లి

రుద్దడం ఈ రోజే ఆపేయండమ్మా. అది మురికి కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. ఒంట్లో కొవ్వు పెరిగి ఇన్సులిన్ సరిగా పని చేయలేనప్పుడు, శరీరం ఇంకా ఇంకా ఇన్సులిన్ తయారుచేస్తుంది. అది ఎక్కువైతే మెడ మీదా, చంకల్లోనూ చర్మం ఇలా నల్లగా మందమవుతుంది. దీన్ని అకాంథోసిస్ అంటారు. ఇది షుగర్ జబ్బు కాదు, అటువైపు వెళ్లకుండా ముందే మోగిన గంట. వినబడింది కాబట్టి మనకు టైముంది.

ఒకసారి పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ, కాలేయం పరీక్షలు చేయించి, బీపీ చూపించండి. పిల్లాడిని పస్తులుంచకండి. ఎదిగే వయసు కాబట్టి బరువు తగ్గక్కర్లేదు, ఇప్పుడున్న చోట ఆగినా పొడవు పెరిగేకొద్దీ లెక్క సరిపోతుంది. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు ఇంటికి తేవడం మానండి, ఇంటిల్లిపాదికీ మానండి, వాడొక్కడికే కాదు. కంచంలో అన్నం ఒక గరిటె తగ్గించి పప్పూ కూరా పెంచండి. సాయంత్రం ట్యూషన్‌కు ముందు గంట సేపు ఆడుకోనివ్వండి. ఇక బడిలో పిల్లలకు తోడు ఇంట్లో కూడా ‘బొండాం’ అని ముద్దు పేరేమైనా ఉంటే, దయచేసి దాన్ని మరిచిపోండి. అలా పిలిపించుకున్న పిల్లలు గ్రౌండ్‌లోకి దిగరు, గదిలో కూచుని ఇంకాస్త తింటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో దీన్ని ఎన్నోసార్లు చూశాను.

అతిగా దాహం వేసి, రాత్రిళ్లు పదే పదే మూత్రానికి లేస్తూ, తింటున్నా బరువు తగ్గిపోతుంటే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నిద్రలో గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తున్నా డాక్టర్‌కు చెప్పండి.

*మా పాప మూడో తరగతి. పరుగు పందెం అయ్యాక ఆయాసపడుతుంది, గుండె మీద చెయ్యి వేస్తే దడదడలాడుతోంది. ఆటలు మాన్పించమంటారా?*
– ఒక తల్లి, విజయనగరం

మాన్పించకండి. పరుగెత్తిన పిల్ల గుండె నిమిషానికి 180, 190 సార్లు కొట్టుకోవడం మామూలే. కొన్ని నిమిషాల్లో నెమ్మదించి, మళ్లీ కబుర్లు మొదలెడితే ఆ గుండె చక్కగా పని చేస్తున్నట్టే. పరుగు ఆపిన ఐదు పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు మొదలైతే అది ఉబ్బసం కావచ్చు, దానికి మంచి మందులున్నాయి, ఆటలు ఆపక్కర్లేదు. పరుగెత్తుతూ ఉన్నపళంగా స్పృహ తప్పినా, పెదాలు నీలిరంగుకు తిరిగినా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా ఆటలు ఆపించి, వెంటనే గుండె డాక్టర్‌కు చూపించాలి.

*మా అబ్బాయి తొమ్మిదో తరగతి. బడికి గ్రౌండే లేదు, ఉన్న ఒక్క పీటీ పీరియడ్‌లోనూ లెక్కలు చెబుతారు. రోజుకు గంట ఆడాలంటున్నారు, ఎక్కడ, ఎప్పుడు ఆడాలి? ఆడితే మార్కులు తగ్గవా?*
– ఒక తండ్రి, గుంటూరు

మీ కోపం న్యాయమైనదే. ఆ లెక్కల మాస్టారి మీద నాకూ కోపంగానే ఉంది. ఐదు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచి కదలడం అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మళ్లీ చెప్పింది. అందులో ‘సగటున’ అన్న మాట చూడండి. ఒక్క బిగిని గంట ఆడాలని లేదు, ఏదో ఒక రోజు తప్పినా నష్టం లేదు. బడికి సైకిల్ మీద వెళ్తే ఇరవై నిమిషాలు, మేడ మీద తాడాట పది, సాయంత్రం సందులో క్రికెట్ అరగంట: లెక్క సరిపోయింది. వారంలో మూడు రోజులైనా ఎముకకూ కండకూ పని పడే ఆటలుండాలి, మన కబడ్డీ, తొక్కుడుబిళ్ల దానికి దివ్యంగా పనికొస్తాయి.

మార్కుల సంగతి: ఆటల పీరియడ్‌కు టైమిస్తే చదువు వెనకబడినట్టు పరిశోధనల్లో తేలలేదు, ఒళ్లు కదిలితే ధ్యాస కుదురుతుందనే చాలా వాటి మాట. ఇంకో లాభం కూడా ఉంది, దీని గురించి ఎవరూ అడగరు. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లల్ని కొన్ని బడుల్లో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్లలో వాళ్లలో 30 శాతం మందికి దూరం చూపు మందగించింది, మిగతా బడుల్లో దాదాపు 40 శాతం మందికి. 2015లో వచ్చిన ఫలితమిది. ఆరుబయట ఉండటమే అక్కడ పని చేసింది, కాబట్టి బయట ఊరికే తిరిగినా మంచిదే. బడి యాజమాన్యంతో మీరొక్కరే మాట్లాడితే వినరేమో, పేరెంట్స్ మీటింగులో పదిమంది కలిసి అడగండి.

*ఆరేళ్ల మా పాప బలపాలు తింటోంది. కొట్టినా మానదు. గోడ సున్నం కూడా గీకుతోంది. పొట్టలో రాళ్లు పడతాయంటున్నారు.*
– ఒక అమ్మమ్మ, ఆదోని

అమ్మమ్మగారూ, బలపం తిన్నంత మాత్రాన రాళ్లు పడవు, పాపను కొట్టకండి. అది కొంటెతనం కాదు, చాలాసార్లు ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు పుట్టే కోరిక. ఇది మీ ఇంటి ముచ్చటే కాదు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత కనిపించింది. రక్తపరీక్ష చేయించండి, ఈ వయసుకు హిమోగ్లోబిన్ 11.5 పైన ఉండాలి. డాక్టర్ ఇచ్చిన ఐరన్ మందు వాడితే మలం నల్లగా వస్తుంది, భయపడొద్దు. రక్తం పెరిగింది కదా అని మధ్యలో ఆపొద్దు, ఒంట్లో నిల్వ నిండటానికి ఇంకొన్ని నెలలు కావాలి. గోంగూర పప్పులో నిమ్మకాయ పిండండి, అన్నంతో పాటు టీ ఇవ్వకండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి. అరచేతులు తెల్లగా పాలిపోయి, నాలుగడుగులకే రొప్పుతుంటే మాత్రం పరీక్ష రేపటికి వాయిదా వేయకండి. గోడకున్నది సున్నం కాక పాత పెయింటయితే సీసం గురించి కూడా డాక్టర్‌ను అడగండి.

*మనవడిని అంగన్‌వాడీకి పంపుతున్నాం. అక్కడి తిండి వల్ల ఒరిగేదేమీ లేదు, మానిపించి డబ్బా పొడి కొందామంటోంది కోడలు. అప్పు చేసైనా కొనమంటారా?*
– ఒక తాతగారు, ఇబ్రహీంపట్నం

అప్పు చేయకండి తాతగారూ. ఈ ప్రశ్నకు జవాబు మన హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనే దొరికింది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 29 ఊళ్లు ఎంచుకున్నారు. వాటిలో 15 ఊళ్లలో గర్భిణులకూ ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ అంగన్‌వాడీ ద్వారా ఉప్మా వండి పెట్టారు, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసిన మామూలు ఉప్మా. మిగతా 14 ఊళ్లకు అప్పటికింకా ఆ పథకం రాలేదు.

పదిహేనేళ్లు గడిచాక మళ్లీ ఆ ఊళ్లకే వెళ్లి, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లైన ఆ పిల్లల్ని, వెయ్యిమందికి పైగా, కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవెక్కువ. అది చిన్న తేడానే అనుకుందాం. నాకు ముచ్చటేసింది ఇంకోటి: వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ బాగా పని చేస్తోంది, రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి. అంటే తల్లి కడుపులోనూ పసితనంలోనూ అందిన ఒక పూట తిండి, మీసాలొచ్చే వయసులో షుగర్, గుండెజబ్బుల నుంచి కాపు కాస్తున్నట్టే. మీ కోడలికి కోపం రాకుండా ఈ సంగతి చెప్పండి. అంగన్‌వాడీ టీచర్ దండచెయ్యి కొలిచే టేపులో 12.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ చూపిస్తేనో, కాళ్లు వాచి ఉంటేనో వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

*ఏడేళ్ల బాబు రాత్రిళ్లు కాళ్లు లాగుతున్నాయని ఏడుస్తాడు. తెల్లారితే ఎగురుతాడు. నటిస్తున్నాడా?*
– ఒక తండ్రి, కరీంనగర్

నటన కాదండీ, నొప్పి నిజమే, ప్రమాదం లేదు. రెండు కాళ్లలో, సాయంత్రమో రాత్రో వచ్చి, పొద్దున్నకు మాయమైపోయే ఈ నొప్పులు ఈ వయసులో చాలామందికి వస్తాయి. కాసేపు ఒత్తి, గోరువెచ్చటి గుడ్డ వేయండి. ఒకే కాలు నొప్పి, వాపు, కుంటడం, జ్వరం, లేచీ లేవగానే నొప్పి – వీటిలో ఏది ఉన్నా చూపించండి.

*పదిహేనేళ్ల మా అబ్బాయి జిమ్‌లో చేరాడు. ప్రోటీన్ పొడి కొనమని పట్టు. బరువులెత్తితే పొడవు ఆగిపోతుందని నా భయం.*
– ఒక తల్లి, హనుమకొండ

పొడవు ఆగదు, పక్కన తెలిసినవాళ్లుండి, తేలిక బరువులతో మొదలుపెడితే చాలు. ఈ వయసు అబ్బాయికి రోజుకు 45 గ్రాముల ప్రోటీన్ కావాలి. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు, రెండు పూటలా పప్పు, ఒక గుప్పెడు వేరుశనగలు, రోజూ తినే అన్నం కలిస్తే ఇంట్లోనే సరిపోతుంది. ప్రోటీన్ పొడులు వద్దని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. ఉన్నట్టుండి మొటిమలు, విపరీతమైన కోపం, నెలలోనే కండలు కనిపిస్తే జిమ్‌లో ఇంకేం ఇస్తున్నారో మెల్లగా అడగండి.

*ఎండాకాలం గుడ్డు పెడితే వేడి చేస్తుందా?*
– ఒక నాయనమ్మ, నెల్లూరు

చేయదండీ. మన ఎండల్లో గుడ్డు తొందరగా పాడవుతుంది, అంతే. నీళ్ల గిన్నెలో వేసి చూడండి: తేలితే పారేయండి, మునిగితే బాగా ఉడకబెట్టి, పిల్లలకు రోజుకొకటి హాయిగా పెట్టండి.