బడిని లెక్క అడిగేదెవరు?

ప్రశ్న: హనుమకొండలో మా అమ్మాయిని ప్రైవేటు బడిలో చదివిస్తున్నాం. ఫీజుల లెక్క అడిగితే జవాబు లేదు. సర్కారు బడిలోనైతే అడగొచ్చా? అమెరికా చార్టర్ బడుల్లో ఎలా? - ఒక తండ్రి, వరంగల్

జవాబు: సర్కారు బడిలో అడిగే హక్కు చట్టంలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. నిధుల వినియోగాన్ని చూసేది ఆ కమిటీయే. ఎయిడ్ లేని ప్రైవేటు బడులను మాత్రం చట్టం ఈ నిబంధన నుంచి తప్పించింది. అసలు లోటు ఇదే.

అలాగని ప్రైవేటు బడికి పగ్గాలే లేవనుకోవద్దు. 1994 నాటి జీవో నంబరు 1 ప్రకారం వసూలైన ఫీజులో సగం సిబ్బంది జీతాలకే పోవాలి, యాజమాన్యానికి మిగిలేది 5 శాతం. ఈ జీవో గురించి తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. అమలుపై శ్రద్ధ అంతకన్నా తక్కువ కావడం బాధాకరం.

చార్టర్ బడుల దారి వేరు. 1991లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం వీటికి తొలి చట్టం చేసింది. ఈ బడులు ప్రభుత్వ సొమ్ముతో, ఫీజు లేకుండా నడుస్తాయి. బడి నడిపే ఒప్పందానికి (అదే చార్టర్) గడువుంటుంది, ఫలితాలు చూపకపోతే పునరుద్ధరణ ఆగి, బడి మూతపడొచ్చు. మన దగ్గర గుర్తింపు పునరుద్ధరణను పిల్లల చదువుతో అంత గట్టిగా ముడిపెట్టలేదు.

మీరు ముందుగా బడికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. జవాబు రాకుంటే, బడి సమర్పించిన లెక్కల నకళ్ల కోసం జిల్లా విద్యాధికారి కార్యాలయంలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాలి. నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్తే మరీ మంచిది.