పచ్చికలో గుంతలు – వానిని సరిచేయు విధము



ఇంటి ముందర గరిక పరచుకొనిన నేల కంటికి చలువ, కాలికి మెత్తన. అది వానకాలమున బురదను, వేసవిలో దుమ్మును ఇంటిలోనికి రానీయదు. కాని అట్టి పచ్చికలో జానెడు గుంత యొక్కటి గడ్డిచాటున దాగియున్నచో అదియే ఆపదకు మూలమగును. బట్టలారవేయ వచ్చిన అవ్వ అడుగు అందులో పడవచ్చును. చెండాడుచున్న తమ్ముని మడమ బెణకవచ్చును. వాననీరు అందు వారము పదిదినములు నిలిచినచో దోమపిల్లలు దోమలై యెగురును. కావున గుంతలను, మిట్టపల్లములను సరిచేయు పద్ధతిని ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా నా తప్పు చెప్పెదను. ఇరువది యేండ్లకు పూర్వము నేను పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచుంటిని. తోటపని గంటలో, వసతిగృహము ముందరి పచ్చికలోని యొక గుంతను పూడ్చుపని నాకు అప్పగించిరి. అది పందిరిగుంజను పెరికిన గుంత; మోచేతి లోతు ఉండెను. నేను రెండు తట్టల మట్టి యొక్కమారే కుమ్మరించి, నాలుగు తొక్కులు తొక్కి, పైన ఇసుక చల్లి, పావుగంటలో పని ముగించితిని. చూచుటకు చదునుగనే యుండెను. తొలివాన కురిసిన మరునాటి వేకువను నా సహాధ్యాయి యొకడు ఆ దారిని నడచుచు పిక్కవరకు దిగబడి కాలు బెణికించుకొనెను. మూడు వారములు అతడు కఱ్ఱ ఊతగా నడచెను. నన్ను ఒక్కమాటయైన అనలేదు. అదియే నాకు మిక్కిలి బాధ కలిగించెను. తోటమాలి మాత్రము ఆ గుంతను మరల త్రవ్వుచు, “సారూ, మీరు గుంతను పూడ్చలేదు, కప్పిపెట్టినారు” అనెను. పూడ్చుటకును కప్పిపెట్టుటకును గల భేదమే నేటి మన పాఠము.

1. మన నేల

మన మట్మారి కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు సీమలోనిది. ఈ సీమలో ఎఱ్ఱనేలలును నల్లరేగడియు రెండును కలవు. రేగడిలోని బంకమన్ను తడిసినపుడు ఉబ్బును. ఎండినపుడు కుంచించుకొని నెఱ్ఱెలు విచ్చును. వేసవిలో ఆ నెఱ్ఱెలను చూచి కొందరు తొందరపడి మట్టితో నింపుదురు. అది తగదు. వానలు పడగానే నేల ఉబ్బి నెఱ్ఱెలు తమంత తామే మూసికొనును. అప్పటికే వానియందు మట్టి నిండియున్నచో, ఉబ్బిన నేలకు చోటు చాలక పైకి లేచి మిట్టయగును. కావున నెఱ్ఱెలకు మందు మట్టి కాదు, నీరు. దానిని కొంచెము కొంచెముగా, నేలకు ఇంకునట్లు పోయవలెను.

ఇచ్చట మీరు గమనింపదగిన విషయమొకటి కలదు. భూగోళ గ్రంథములలో నల్లనేలను ‘రేగుర్’ అని వ్రాయుదురు. ఆ మాట మన ‘రేగడ’ నుండి పుట్టినదే. ఆస్ట్రేలియాలో ఇట్టి బంకనేలలు ఉబ్బి కుంగుటచే ఏర్పడు మిట్టపల్లములను ‘గిల్గాయ్’ అందురు. అది అచ్చటి ఆదివాసుల మాట. చిన్న నీటిగుంట అని అర్థము. శాస్త్రజ్ఞులు నేలను తెలిసికొనబోయి, ఆ నేలపై బ్రతికినవారి మాటలనే స్వీకరించిరి. ఇంటిలో అమ్మ పలుకు మాట చిన్నదని ఎన్నడును తలపకుడు.

2. మన గడ్డి

పచ్చికకు మనకు దొరకు గడ్డి గరిక. సంస్కృతమున దూర్వ, కన్నడమున గరికె. దీని కాడలు నేలపై ప్రాకుచు కణుపు కణుపునను వేరు దిగును. నేలలోపల కూడ కాడలు వ్యాపించును. ఇంగ్లండులో వింబుల్డను టెన్నిసు మైదానములందు 2001 నుండి రై గడ్డి నొక్కదానినే పెంచుచున్నారు. ఆటల కాలమున దానిని 8 మిల్లీమీటర్ల ఎత్తున కత్తిరింతురు. ఆ గడ్డి కుదురుగా పెరుగును గాని గరికవలె ప్రాకదు. అందుచే అది చచ్చినచోట మరల విత్తనము చల్లవలెను. మన గరికయో, చుట్టునుండి ప్రాకివచ్చి బోడినేలను తానే కప్పుకొనును. మనము దానికి చదునైన నేలను, తగిన తడిని, కొంత గడువును ఇచ్చిన చాలును.

3. కారణము వెదకుట

గుంత కనబడగానే పార పట్టరాదు. అది ఎట్లు ఏర్పడినదో మొదట విచారింపవలెను. చూరునుండి పడు నీటిధార త్రవ్వినదా? నేలలోని పాతమొద్దు చివికి కుంగినదా? గుంజ పాతినచోటా? పందికొక్కు బొరియయా? కారణము తొలగనిదే ఎంత మట్టి పోసినను అది మరల గుంతయే యగును. చూరునీరు పడుచోట నాపరాయి పరచవలెను. చివికిన మొద్దును త్రవ్వి తీసివేయవలెను.

బొరియ విషయమున మిగుల జాగ్రత్త వహింపవలెను. పిల్లలెవ్వరును అందు చేయి పెట్టరాదు. ఎలుక త్రవ్విన బొరియలో పాము చేరియుండవచ్చును. సాయంకాలము పెద్దలు దూరమునుండి పారతో దాని నోటిని వదులు మట్టితో మూయవలెను. మరునాటి ఉదయమున అది తెరచియున్నచో లోపల ప్రాణి కలదని అర్థము; దానిని వెడలగొట్టక పూడ్చుట వ్యర్థము. ఒకవేళ ఎవరినైన పాము కరచినచో గాయమును కోయరాదు, నోట పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. విషమునకు విరుగుడు మందు అచ్చటనే లభించును.

4. లోతైన గుంతను పూడ్చుట

ఈ పనికి తొలకరి కాలము మంచిది. గుంతచుట్టునున్న గడ్డిని వేళ్లతోకూడ రెండంగుళముల మందమున బిళ్లలుగా కోసి, తడిగోనెపై నీడన ఉంచవలెను. గుంత అడుగును గడ్డపారతో గుల్లచేయవలెను. పిమ్మట అదే నేలమట్టిని, గడ్డలు చితుకగొట్టి, మూడంగుళముల చొప్పున పొరలుగా పోయవలెను. ప్రతి పొరను కొద్దిగా తడిపి దిమ్మిసతో కొట్టవలెను. బురద యగునట్లు తడుపరాదు. రేగడినేలలో ఇసుక మాత్రమే నింపినచో చుట్టునున్న నేలతో అది కలిసిపోదు. బాగుగా చివికిన పశువుల ఎరువును పై పొరయందే కలుపవలెను. అడుగున వేసినచో అది ఇంకను చివికి నేల కుంగును. పచ్చిఎరువు చెదలను పిలుచును.

తుదకు గడ్డిబిళ్లలను పరచి, అతుకులలో మెత్తని మట్టి నింపి, అరచేతితో ఒత్తవలెను. క్రొత్తగా పూడ్చినచోటు చుట్టునున్న నేలకంటె అరయంగుళము ఎత్తుగా నుండవలెను. వానలకు అది దిగి సమమగును. బిళ్లలు చాలనిచో, రెండుమూడు కణుపులున్న గరికకాడలను జానెడులో సగము దూరమున నాటవలెను. వేరూనువరకు నేల ఆరనీయరాదు. ఎవ్వరును త్రొక్కకుండ నాలుగు పుల్లలు పాతి త్రాడు కట్టవలెను.

5. పల్లమును, మిట్టయు

అంగుళములోపు పల్లమునకు గడ్డి పెల్లగింప పనిలేదు. జల్లెడ పట్టిన మట్టిని అరయంగుళమునకు మించకుండ గడ్డిపై చల్లి, చీపురు వెనుకభాగముతో సర్దవలెను. గరిక కొనలు పైకి కనబడుచుండవలెను. వెలుతురు అందని గడ్డి చచ్చును. గడ్డి ఆ పొరను చీల్చుకొని పెరిగిన పిమ్మటనే రెండవ పొర వేయవలెను.

మిట్టకు పద్ధతి వేరు. పైగడ్డిని చెక్కివేయరాదు. మిట్టపై కూడిక గుర్తువలె రెండు గీతలు కోసి, నాలుగు మూలలను పుస్తకపు అట్టవలె వెనుకకు మడచి, అడుగునున్న అధికమైన మట్టిని తీసి, మరల మూయవలెను. ఆ మట్టియే ప్రక్క పల్లమునకు పనికివచ్చును.

6. వాలును, లెక్కయు

పచ్చిక అద్దమువలె సమముగా నుండనక్కరలేదు. ఇంటిగోడనుండి వెలుపలికి మీటరునకు 2 సెంటీమీటర్ల వాలు ఉన్నచో నీరు గోడవైపునకు రాదు. రెండు పుల్లలకు త్రాడు బిగించి, త్రాటినుండి నేలకు గల దూరమును చోటుచోటున కొలిచినచో మిట్టపల్లములు తెలియును.

మట్టి యెంత కావలెనో కూడ లెక్కింపవచ్చును. గుంత పొడవు 60, వెడల్పు 40, లోతు 10 సెంటీమీటర్లు అనుకొందము. 60 × 40 × 10 = 24,000 ఘన సెంటీమీటర్లు; అనగా 24 లీటర్లు. దిమ్మిస దెబ్బలకు మట్టి అణగును గనుక నాలుగవ వంతు అధికముగా, 30 లీటర్లు సిద్ధము చేసికొనవలెను. 10 లీటర్ల బొక్కెనతో అది మూడు బొక్కెనలు.

తల్లిదండ్రులకు మనవి: ఈ పని పెద్దలు చేయుచుండగా పిల్లలను దూరముగా పంపకుడు. గడ్డపార మీరు పట్టుడు. కొలత, లెక్క, నీరుపోయుట వారికి ఒప్పగింపుడు. బిడ్డ ఒక గుంతను పొర వెంట పొరగా పూడ్చి, నెల దినములు కాచుకొని, పచ్చదనము అతుకుట చూచినచో, ఓపికయన నేమో అతనికి వేరుగ బోధింప పనిలేదు. నా సహాధ్యాయి కాలు బెణికినపుడు నేను ఆలస్యముగా నేర్చినదానిని మన పిల్లలు ముందుగనే నేర్తురుగాక.

అభ్యాసము

1. పూడ్చుటకును కప్పిపెట్టుటకును భేదమేమి?
2. వేసవిలో రేగడి నెఱ్ఱెలను మట్టితో ఏల నింపరాదు?
3. 80 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 12 లోతు గల గుంతకు, నాలుగవ వంతు అధికము కలిపి, ఎన్ని లీటర్ల మట్టి కావలెను?
4. మీ ఇంటి పెద్దలనడిగి, నేలకును మట్టికిని సంబంధించిన పది తెలుగు మాటలను, వానికి సరియైన కన్నడ మాటలను వ్రాసి తెండు.